మీకు తెలుసా? గుంత తవ్వకముందే ఫోటో తీయాలి

కర్ణాటకలోని చింతామణి చుట్టుపక్కల పల్లెల్లో తెల్లారేసరికి డైరీ ముందర క్యాన్లు వరసగా ఉంటాయి. మా వైపు డైరీ అంటే ఊరి పాల సంఘమే. రోజూ పది లీటర్లు పోసే ఆమె ఒకనాడు మూడు లీటర్లతో వస్తే, సెక్రటరీ డిగ్రీ చూడకముందే అడిగేస్తాడు: "ఏమక్కా, ఆవుకి బాగలేదా?" వెయ్యి అడుగులు దిగినా బోర్లలో నీళ్లు పడతాయన్న భరోసా లేని నేల ఇది. ఏడాది పొడుగునా పారే నది ఒక్కటీ లేదు. పదిహేను రోజులకోసారి చేతికొచ్చే పాల బటవాడాతోనే ఎన్నో ఇళ్లలో బడి ఫీజులు, మందులు, చీటీలు నడుస్తున్నాయి. సీమావు పడిపోయిందంటే ఆ ఇంటికి జీతం ఆగిపోయినట్టే.

అట్లా ఆగినప్పుడు సర్కారు నుంచి ఏం వస్తుంది? ఎంత వస్తుంది? దేనికి రాదు? పాడి ఉన్న ప్రతి ఇంటా తెలిసుండాల్సిన సంగతులు కొన్ని ఇక్కడ.

◆ గొర్రె పిల్లకు కూడా పరిహారం ఉందని మీకు తెలుసా? కర్ణాటకలో 'అనుగ్రహ' అనే పథకం ఉంది. సిద్దరామయ్య మొదటిసారి ముఖ్యమంత్రిగా ఉన్న రోజుల్లో గొర్రెలు, మేకలు కాసేవాళ్ల కోసం పుట్టింది. గొర్రె చచ్చిపోతే 5,000 రూపాయలు ఇచ్చేవాళ్లు. మధ్యలో ఆగిపోయిన ఆ పథకాన్ని 2023లో మళ్లీ తెచ్చారు. ఈసారి ఆవులూ గేదెలూ ఎద్దులూ చేరాయి. పెద్ద పశువుకు 10,000, గొర్రెకూ మేకకూ 5,000, మూడు నుంచి ఆరు నెలల పిల్లకు 3,500. 2025–26 బడ్జెట్‌లో వీటిని 15,000, 7,500, 5,000కు పెంచుతున్నట్టు ప్రకటించారు. పాము కరిచినా, లారీ గుద్దినా, ఉన్నట్టుండి జబ్బు చేసి పోయినా అడగడానికి దారి ఇదే.

పదిహేను వేలతో పాలిచ్చే సీమావు రాదు. మంచి ఈతలో ఉన్న ఆవు ధర దానికి నాలుగైదింతలు పలుకుతుంది. అయినా ఆ డబ్బు వచ్చిన ఇంటికి, రాని ఇంటికి తేడా నేను చూశాను. వచ్చిన ఇంట్లో ఒక పెయ్యదూడనైనా కట్టేసుకుంటారు. రాని ఇంట్లో పశువుల కొట్టం కట్టెలు దాచుకునే చోటవుతుంది.

◆ ఒకే ఆవుకు సర్కారు లెక్కల్లో మూడు ధరలున్నాయి. వరదలో కొట్టుకుపోతే ఒకటి, ముద్దచర్మ వ్యాధితో పోతే ఇంకొకటి, పాము కాటుతో పోతే మరొకటి.

వరద, కరువు, తుపాను, అగ్నిప్రమాదం, వడగళ్లు, భూకంపం లాంటివి జాతీయ జాబితాలో ఉన్న విపత్తులు. వీటిలో పశువు పోతే డబ్బు రాష్ట్ర విపత్తు స్పందన నిధి నుంచి వస్తుంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం కింద ఏర్పడ్డ నిధి అది. మన రాష్ట్రాల విషయంలో నూటికి డెబ్భై అయిదు రూపాయలు కేంద్రానివి, ఇరవై అయిదు రాష్ట్రానివి. 2022–23 నుంచి 2025–26 దాకా నిర్ణయించిన రేట్లు ఇవి: పాలిచ్చే ఆవుకో గేదెకో 37,500, దుక్కిటెద్దుకు 32,000, దూడకూ గాడిదకూ 20,000, గొర్రె, మేక, పందికి 4,000, కోడికి 100. అంతకుముందు పాలావుకు 30,000 ఉండేది.

2022లో ముద్దచర్మ వ్యాధి ఊళ్ల మీద పడ్డప్పుడు ఈ నిధి ఆదుకోలేదు. పశువుల అంటువ్యాధి ఆ జాబితాలో లేకపోవడమే కారణం. రాష్ట్ర సర్కారే విడిగా ఆదేశమిచ్చి ఆవుకు 20,000, ఎద్దుకు 30,000, దూడకు 5,000 ప్రకటించింది. గమనించారా, ఒక లెక్కలో ఎద్దుకంటే ఆవు ఎక్కువ, ఇంకో లెక్కలో ఆవుకంటే ఎద్దు ఎక్కువ. చింతామణి, శిడ్లఘట్ట, బాగేపల్లి పల్లెల్లో ఇప్పుడు దుక్కి చాలామటుకు ట్రాక్టరు చేతికి పోయింది, ఇల్లు నడిపేది ఆవు. ఇక్కడి మనిషిని అడిగి రాసుంటే ముద్దచర్మ వ్యాధి రేట్లు తారుమారయ్యేవి.

◆ ముద్దచర్మ వ్యాధిని మా వైపు కొందరు కన్నడంలో వినిపించినట్టే 'చర్మగంటు' అంటారు. 1929లో ఆఫ్రికాలోని జాంబియాలో మొదట కనిపించిన ఈ జబ్బు మన దేశంలో 2019లో ఒడిశాలో బయటపడింది. 2022లో గుజరాత్, రాజస్థాన్‌లను ఊడ్చి ఆ ఏడు చివరికి ఇక్కడికి దిగింది.

మురుగమల్ల హోబ్లీలో ఒక పల్లెలో ఉంటుంది మా చిన్నమ్మ. ఆ కార్తీకంలో ఆమె నల్లమచ్చల సీమావుకు ఒంటినిండా నిమ్మకాయలంత గడ్డలు లేచాయి. ముందు కాళ్లు వాచి కింద ఆనించలేకపోయింది. తమలపాకులు, మిరియాలు, ఉప్పు, బెల్లం కలిపి నూరిన ముద్దను రోజూ నాలుక మీద రాసేది చిన్నమ్మ. పుండ్ల మీద వేపాకు, పసుపు నూరి పూసేది. ఎనిమిదో రాత్రి ఆవు పోయింది. పక్క కొట్టాల్లో ఆవులున్నాయి, అందరికీ భయం. తెల్లారేలోపే జేసీబీ పిలిచి చెరువుకట్ట అవతల గుంత తీసి, సున్నం చల్లి పూడ్చేశారు. మధ్యాహ్నానికి డాక్టరు వచ్చి అడిగిన మొదటి మాట, "ట్యాగు ఎక్కడ?" చెవితోపాటు ట్యాగూ గుంతలోనే ఉంది. ఫోటో లేదు, శవపరీక్ష లేదు. అర్జీ రాసుకుపోతే రెండు నెలలు తిప్పి చివరికి ఆధారం లేదన్నారు.

చిన్నమ్మ తప్పేం చేయలేదు. ఊరి మేలు కోరి తొందరగా పూడ్చింది. ఫోటో తీయమని ఆ రాత్రి ఆమెకు చెప్పే మనిషి లేకపోయాడు. ఈ కాలమ్ రాయడానికి నన్ను కూర్చోబెట్టింది ఆ సంగతే.

◆ ఆ పసుపురంగు ప్లాస్టిక్ చెవిపోగు మీద ఎన్ని అంకెలుంటాయో తెలుసా? పన్నెండు. మనిషి ఆధార్‌కు ఉన్నన్నే. అందుకే దాన్ని పశు ఆధార్ అంటున్నారు. 2019లో మొదలైన జాతీయ టీకా కార్యక్రమంలో గాలికుంటు టీకా వేసిన పశువుకు ఈ పోగు వేసి, పశువు వయసు, జాతి, యజమాని పేరు కంప్యూటర్లో ఎక్కిస్తున్నారు. కంపచెట్లలో మేసే ఆవుకు అది తీగకు పట్టుకుని చెవి చీలి ఊడిపోతుంది. ఊడితే మళ్లీ వేయించుకోవాలి. పశు బీమాలో ఏళ్లనాటి మాట ఒకటుంది, 'పోగు లేకపోతే పైసా లేదు' అని. ఆ మాట ఇప్పుడు పరిహారాలకూ పాకింది.

అందుకని పశువు పోయిన గంటలో చేయాల్సినవి ఇవి. పోగు కనిపించేట్టు తల దగ్గరగా ఒక ఫోటో, ఒళ్లంతా పట్టేట్టు ఒకటి, యజమాని పక్కన నిలబడి ఒకటి. దగ్గరి పశువుల ఆసుపత్రికి ఫోన్. జబ్బుగా ఉన్నప్పుడైతే 1962 నంబరుకు చేస్తే ఇంటి ముందుకే పశువుల అంబులెన్సు వచ్చే ఏర్పాటు ఉంది. వరదో నిప్పో అయితే గ్రామ పాలనాధికారికీ చెప్పాలి, ఆయన మహజరు రాయాలి. ఆ మహజరు మీద ఊరివాళ్ల సంతకాలు ఉండాలి. డబ్బు పడేది ఆధార్‌తో ముడిపడ్డ ఖాతాలోనే. ఆ ఖాతా మూలపడి ఉంటే ఆవు పోయిన దుఃఖంలో బ్యాంకు చుట్టూ తిరగాల్సి వస్తుంది. ఏటా ఒకసారైనా అందులో వంద రూపాయలు వేసి తీస్తూ ఉండండి.

◆ కొన్ని చావుల్లో శవపరీక్ష చేయకూడదు. దొమ్మరోగం (ఆంత్రాక్స్)తో పోయిందన్న అనుమానం ఉంటే కళేబరాన్ని కోయనే కూడదు. ముక్కులోంచీ మలద్వారంలోంచీ గడ్డకట్టని నల్లటి నెత్తురు కారడం దాని గుర్తు. కోస్తే ఆ క్రిములు గాలి తగిలి గట్టి బీజాలుగా మారి నేలలో దశాబ్దాలు బతుకుతాయి. డాక్టర్లు చెవి దగ్గర నుంచి ఒక్క చుక్క నెత్తురు గాజుపలక మీద తీసి చూస్తారు. పరిహారానికి ఆ పరీక్ష కాగితమే ఆధారం. "కోసి చూడందే ఎట్లా సార్" అని డాక్టరును ఒత్తిడి చేసేవాళ్లను చూశాను. ఆయన వద్దన్నాడంటే మన పిల్లల కోసమే వద్దన్నట్టు.

◆ కోళ్ల లెక్క పూర్తిగా తిరగబడి ఉంటుంది. 2025 ఫిబ్రవరి, మార్చి రోజుల్లో చిక్కబళ్లాపూర్ తాలూకా వరదహళ్లిలో బర్డ్ ఫ్లూ బయటపడింది. చుట్టూ ఉన్న ఇళ్ల కోళ్లను పశుసంవర్ధక శాఖవాళ్లు పట్టి చంపి పూడ్చారు. బర్డ్ ఫ్లూలో పరిహారం ఇచ్చేది సర్కారు చంపించిన కోళ్లకు. జబ్బుతో ముందే చచ్చిపోయిన కోళ్లకు రాదు. కోడి తూలుతున్న రోజే చెప్పిన ఇంటికి డబ్బు, దాచిపెట్టి అన్నీ పోయాక చెప్పిన ఇంటికి సున్నా. జబ్బును దాచకుండా ఉండేందుకు పెట్టిన నియమం అది. జబ్బు బయటపడ్డ ఊరికి ఈ సంగతి మొదటి రోజే దండోరా వేసి చెప్పాలి. అది తెలియని ముసలమ్మ తన నాలుగు కోళ్లనూ మంచం కింద గంప బోర్లించి దాస్తుంది.

◆ పిడుగు పడితే మనుషులకంటే పశువులే ఎక్కువ పోవడానికి కారణం తెలుసా? పిడుగు నేలను తాకాక కరెంటు చుట్టూ పాకుతుంది. దూరం పోయేకొద్దీ దాని బలం తగ్గుతుంది. ముందు కాళ్లకూ వెనక కాళ్లకూ మధ్య ఎడం ఎంత ఎక్కువ ఉంటే అంత తేడా ఒంట్లోంచి పారుతుంది, దారిలోనే గుండె ఉంటుంది. రెండు కాళ్లు దగ్గరగా పెట్టి నిలబడ్డ మనిషికి ఆ ప్రమాదం కాస్త తక్కువ. వాన రాగానే గొర్రెలన్నీ ఒకే చింతచెట్టు కిందికి చేరి ఒకదానికొకటి ఆనుకుని నిలబడతాయి. అందుకే ఒక్క పిడుగుకు మందలో సగం పోయిందన్న వార్తలు వింటుంటాం.

ఇంత తరచుగా జరిగే పిడుగు 2022–26 నిబంధనల జాతీయ జాబితాలో లేదు. అయితే రాష్ట్రాలు తమ విపత్తు నిధిలో పదో వంతు దాకా స్థానిక విపత్తులకు వాడుకోవచ్చు. ఆ వెసులుబాటుతోనే చాలా రాష్ట్రాలు పిడుగును తమ జాబితాలో చేర్చుకున్నాయి.

◆ 2019 పశుగణన ప్రకారం దేశంలో గొర్రెలు ఎక్కువున్న మొదటి మూడు రాష్ట్రాలు తెలంగాణ, ఆంధ్రప్రదేశ్, కర్ణాటక. తెలంగాణలో కోటీ తొంభై లక్షలు, ఆంధ్రలో కోటీ డెబ్భై ఆరు లక్షలు, కర్ణాటకలో కోటీ పదకొండు లక్షలు. తెలుగు మాట్లాడే కురుబలూ గొల్లలూ ఈ మూడింటి సరిహద్దుల మీదే మందలు తిప్పుతుంటారు.

విపత్తు నిధిలో వీళ్లను దెబ్బతీసే నియమం ఒకటుంది. ఒక కుటుంబానికి పాడి పశువులైతే పెద్దవి మూడింటికి, గొర్రెలూ మేకలైతే ముప్పైకి మించి పరిహారం ఇవ్వరు. నూట ఇరవై గొర్రెలు వాగులో పోయినా లెక్కలోకొచ్చేవి ముప్పై, డబ్బు లక్షా ఇరవై వేలు. పైగా మంద ఉండేది సొంతూళ్లో కాదు. చిలకలనేర్పు హోబ్లీ మనిషి మంద ఎక్కడో నలభై మైళ్ల అవతల పొలంలో పడుకుంటుంది. అక్కడ గొర్రెలు పోతే అక్కడి డాక్టరు కాగితమివ్వాలి, ఇక్కడి ఆఫీసు దాన్ని ఒప్పుకోవాలి. మిగిలిన మందను ఎవరికి అప్పగించి ఆయన ఆఫీసుకు పోతాడు? కదిలే బతుకుకు కదలని కాగితం అడుగుతున్నాం. ఈ ఒక్కచోట నియమం మారితే బాగుండునని నా గట్టి కోరిక.

◆ సరిహద్దు దాటితే లెక్క వేరు. 2019లో ఆంధ్రప్రదేశ్ మొదలుపెట్టిన పశు నష్టపరిహార పథకంలో మేలుజాతి ఆవుకో గేదెకో 30,000, నాటు ఆవుకు 15,000, గొర్రెకూ మేకకూ 6,000గా పెట్టారు. తరవాత అక్కడ బీమా దారి పట్టారు. చేలూరు నుంచి కూతవేటు దూరంలో, సరిహద్దుకు చెరో పక్క ఉన్న రెండు ఊళ్లలో, వియ్యాలు కలుపుకున్న రెండు ఇళ్లలో, ఒకే జబ్బుతో పోయిన రెండు ఆవులకు రెండు ధరలు.

◆ ఈ సాయం నిన్నమొన్నటిది అనుకోకండి. 1876–78 నాటి ధాత కరువులో మైసూరు సంస్థానం జనాభాలో సుమారు ఐదో వంతు తుడిచిపెట్టుకుపోయింది. పశువుల సంగతి చెప్పనక్కర్లేదు. కరువు పోయి వాన పడ్డాక దున్నడానికి ఎద్దు లేక పొలాలు బీళ్లుగా పడి ఉన్నాయి. ఆ దెబ్బ చూశాకే 1884లో బ్రిటిషు సర్కారు రైతుల రుణాల చట్టం తెచ్చింది. విత్తనాలు కొనడానికీ పశువులు కొనడానికీ సర్కారే అప్పివ్వొచ్చని అందులో రాశారు. అవే తకావీ అప్పులు. 'తకావీ' అరబ్బీ మాట, బలమివ్వడం అని అర్థం. అటు మదనపల్లె అప్పట్లో మద్రాసు రాజధానిలో కడప జిల్లా కింద ఉండేది, ఇటు చింతామణి మైసూరు సంస్థానం. మా తాత తరం వాళ్లు "తకావీ తెచ్చి ఎద్దును కొన్నాం" అనేవాళ్లు. అది అప్పు, తిరిగి కట్టాలి. ఇప్పుడిచ్చేది పరిహారం, కట్టక్కర్లేదు. నూట నలభై ఏళ్లలో వచ్చిన పెద్ద మార్పు అదే.

◆ ఇక కరువు. ఇక్కడ కాస్త ఆగి మాట్లాడాలి.

ఇప్పటి కరువుల్లో పశువు చాలామటుకు చావదు. అమ్ముడుపోతుంది. గడ్డివామి అడుగంటగానే, రాగిగడ్డి మోపు ధర ఎక్కగానే, బూసా మూటకు డైరీలో అప్పు పెరగగానే మనిషి లెక్క వేసుకుంటాడు. చూడి ఆవును ఉంచుకుని వట్టిపోయిన ఆవును సంతకు తోలుకుపోతాడు. అదే వారం పది ఊళ్లవాళ్లూ తోలుకొస్తారు. ఎనభై వేల ఆవు ముప్పై వేలకు పోతుంది. యాభై వేలు మునిగాడు. ఆ నష్టానికి మహజరు లేదు, శవపరీక్ష లేదు, ఏ పథకంలోనూ దానికి గడి లేదు. సర్కారు లెక్కల్లో చావు ఉంది, అమ్మకం లేదు. నాకు తెలిసిన ఊళ్లలో పాడి మానేసిన కుటుంబాలు ఎక్కువగా మానింది ఆవు చచ్చి కాదు, ఇట్లా అమ్ముకుని.

2023లో కర్ణాటకలోని 236 తాలూకాల్లో 223ను కరువు తాలూకాలుగా ప్రకటించారు. నీటి వసతి ఉన్న రైతులకు మేత విత్తనాల కిట్లు ఉచితంగా పంచారు, మేత రాష్ట్రం దాటకుండా ఆంక్షలు పెట్టారు. కేంద్రం నుంచి రావాల్సిన కరువు డబ్బు కోసం రాష్ట్రం సుప్రీం కోర్టు దాకా పోయింది. చివరికి 2024 ఏప్రిల్‌లో 3,454 కోట్లు విడుదలయ్యాయి. ఏప్రిల్ అంటే ఎండాకాలం సగమైనట్టు. సంతకు పోయిన ఆవు అప్పటికే పోయింది.

◆ అమ్మకానికీ ధర కట్టిన సర్కారు ఒకటి ఉండిందని మీకు తెలుసా? 1934లో అమెరికా మైదానాల్లో దుమ్ము తుపాన్లు లేచి గడ్డి మాడిపోయినప్పుడు అక్కడి ప్రభుత్వం కరువు జిల్లాల్లో తానే పశువులను కొన్నది. తలకు 14 నుంచి 20 డాలర్లు ఇచ్చి ఎనభై లక్షలకు పైగా కొన్నారు. బలహీనమైన వాటిని అక్కడికక్కడే కాల్చి పూడ్చారు. చూసినవాళ్ల కడుపు తరుక్కుపోయింది. తక్కినవాటి మాంసం ఆకలితో ఉన్న కుటుంబాలకు పంచారు. మన దగ్గర ఆ పద్ధతి కుదరదు, కుదరాలనీ నేను కోరను. కానీ ధర పడిపోకముందే సర్కారు సంతలో అడుగుపెట్టాలన్న ఆ ఆలోచన విలువైనది.

ఇప్పుడు అక్కడి పశుపోషకులకు కరువు సాయం అందాలా వద్దా అన్నది ప్రతి గురువారం వెలువడే ఒక పటం తేలుస్తుంది. దాని మీద జిల్లా ఎంత ముదురు రంగులో, ఎన్ని వారాలు వరసగా ఉందో చూసి మేత ఖర్చులో కొంత ఇస్తారు. పశువు చావాల్సిన పని లేదు. చచ్చినవాటికి వేరే పథకం, అందులో మార్కెట్ ధరలో నూటికి 75 వంతులు.

కెన్యా ఉత్తరాన మర్సబిత్ జిల్లాలో 2010 నుంచి ఇంకో దారి తొక్కారు. ఆకాశంలోంచి ఉపగ్రహం నేల పచ్చదనాన్ని కొలుస్తుంది. పచ్చదనం ఒక గీత కిందికి దిగితే బీమా డబ్బు పడుతుంది. ఎవరూ వచ్చి కళేబరాలు లెక్కపెట్టరు. మన పక్కనే కేరళలో మలబార్ మిల్మా 2023లో ఆవులకు ఎండ బీమా పెట్టింది. ఎండ ఒక హద్దు దాటి వరసగా కాస్తే పాలు తగ్గిన రైతుకు డబ్బు.

◆ అట్లాంటిది ఇక్కడ చేయడానికి సరుకు లేక కాదు. కర్ణాటకలో గ్రామ పంచాయతీ స్థాయి దాకా వానమాపకాలున్నాయి. వాటి లెక్క దానంతటదే బెంగళూరులోని రాష్ట్ర విపత్తు పర్యవేక్షణ కేంద్రానికి చేరుతుంది. మా వైపు ముంగానహళ్లిలో నిన్న ఎన్ని మిల్లీమీటర్లు పడిందో అక్కడ కూర్చుని చెప్పగలరు. కరువు ప్రకటనకు వాన లోటుతోపాటు ఉపగ్రహం చూపే పచ్చదనం, నేల తేమ, చెరువుల నీటిమట్టం చూస్తారు. ఆ తరవాత కొన్ని ఊళ్లలో పొలాలు తిరిగి నిర్ధారిస్తారు. ఆ లెక్క పంట నష్టానికి వాడుతున్నారు. 2022–26 నిబంధనల ప్రకారం వర్షాధార పంటకు హెక్టారుకు 8,500, రెండు హెక్టార్ల దాకా. రాగి పోతే గింజతోపాటు గడ్డీ పోయిందన్న సంగతి ఆ లెక్కలో విడిగా లేదు. చింతామణిలో చాలామంది రాగి వేసేది గడ్డి కోసమేనని ఆ కాగితం రాసినవాళ్లకు ఎవరైనా చెప్పాలి. 2021 నవంబరులో వారాలకొద్దీ ముసురు పట్టి కోతకొచ్చిన రాగి నీళ్లలో నానిపోయినప్పుడు, ముద్దకు దుకాణంలో రాగులు కొనుక్కున్నారు. నల్లబడ్డ గడ్డిని మాత్రం ఆవు మూతి తిప్పేసుకుంది.

◆ పాలు పోసే రైతుకు డైరీ ధరమీద సర్కారు ఇచ్చే ప్రోత్సాహధనం 2008లో లీటరుకు 2 రూపాయలతో మొదలై, 2013లో 4, 2016లో 5 రూపాయలైంది. కరువు ఏడాది ఆ ఐదు రూపాయలే బూసా కొనిపెడతాయి. కానీ అది లీటరుకు లెక్క. ఆవు జబ్బుపడి పాలు ఆగిన నెలలో అదీ ఆగుతుంది. ఆ నెలలోనే మందుల చీటీ పొడుగవుతుంది.

◆ పశువుల బీమాలో రైతు వాటా ఎంతో తెలుసా? 2024 ఫిబ్రవరి నుంచి ప్రీమియంలో నూటికి 15 మాత్రమే. మిగతాది కేంద్రం, రాష్ట్రం కడతాయి. అంతకుముందు 20 నుంచి 50 దాకా ఉండేది. ఒక్కో ఇంటికి పది యూనిట్ల దాకా చేయించుకోవచ్చు. ఒక యూనిట్ అంటే ఒక పెద్ద పశువు, లేదా పది గొర్రెలు. పరిహారం సర్కారు దయ మీద, బడ్జెట్ మీద ఆధారపడుతుంది. బీమా మాత్రం మన హక్కు. ఒక ఆవుకు చేయించాలా అని తటపటాయిస్తున్నవాళ్లు ఆ నెల బటవాడాలో ముందుగా దానికి తీసిపెట్టండి.

◆ ముద్దచర్మ వ్యాధికి పనికొచ్చే కొత్త టీకా ఒకటి మన పక్కనే తయారైంది. కోలారు జిల్లా మాలూరులోని బయోవెట్ సంస్థ చేసిన టీకాకు 2025 ఫిబ్రవరిలో అనుమతి వచ్చింది. అంతకుముందు మేకల మశూచి టీకాతోనే ఆవులను కాపాడుకుంటూ వచ్చాం. కొత్త టీకాలో ఒక విశేషముంది. నెత్తురు పరీక్ష చేస్తే ఈ ఆవుకు జబ్బు వచ్చి తగ్గిందా, టీకా వేశారా అన్నది విడిగా తెలుస్తుంది. చిన్నమ్మకు ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే, మా ఊరికి ఎప్పుడొస్తారని.

◆ చివరగా సంత సంగతి. పశువును అమ్మినప్పుడు పాత పలుపు కొన్నవాళ్లకు ఇవ్వరు. దాన్ని విప్పుకుని ఇంటికి తెచ్చి గుంజకు తగిలిస్తారు, కొట్టంలో మళ్లీ పశువు నిలవాలని. ఆ పద్ధతి అట్లాగే ఉండనివ్వండి. కానీ చెవిపోగు నంబరు కంప్యూటర్లో ఇంకా అమ్మినవాళ్ల పేరుమీదే ఉంటుంది. ఆవును కొన్న వారంలో పశువుల ఆసుపత్రికి పోయి ఆ పన్నెండంకెలూ మీ పేరుకు మార్పించుకోండి. మార్చుకోకపోతే రేపు ఆవు పోయిననాడు పరిహారం కాగితం మీద పేరు మీది కాదు, సంతలో ఒక్కసారి చూసిన మనిషిది.